దవనానికి గొడుగు

మా ఇంట్లో అద్దెకుండే బోటనీ మేడమ్, బందరు కాలేజీలో పాఠం చెబుతున్నా, వీధిలో నడుస్తున్నా, కనిపించిన ఆకునల్లా నలిపి వాసన చూసేవారు. అనంతపురంలోని పుట్టింటి నుంచి ఆవిడ తెచ్చుకున్న దవనం మొక్కలు మా డెల్టా నేలలో వేరు కుళ్ళి చనిపోయేవి. చివరికి ఒకదాన్ని ఇసుక కుండీలో నాటారు. మా నాయనమ్మ జాలిపడి చెంబుతో నీళ్ళు తెస్తే, "వద్దండీ మామ్మగారూ! ఆకుమీద తెల్లటి నూగు చూశారా? ఉన్న తడిని అదే కాపాడుతుంది. ఇది ఎండకు ఓర్చుకుంటుంది గానీ నీళ్ళకు ఓర్చుకోలేదు," అని అడ్డుపడేవారు.

శ్రావణంలో ముసురు పట్టింది. మేడమ్ కాలేజీ నుంచి పరుగున వచ్చేసరికి, నాయనమ్మ తాను తడుస్తూ కుండీకి గొడుగు పట్టి నిలబడి ఉంది.

"నాకేం ఫర్వాలేదమ్మాయ్, దీనికే కదా నీళ్ళు పడవు!" అంది.

మేడమ్ పకపకా నవ్వి, దవనం రెమ్మ తుంచి నాయనమ్మ కొప్పులో తురిమారు.