మౌన నిరసనలో వెలిగిన మానిటరు

కొమురెల్లి మల్లన్న సాక్షిగా, తినే అన్నం మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. (నన్ను ఎరిగినవాళ్లు ఈపాటికే నవ్వుతుంటారు. నవ్వనివ్వండి. ప్రమాణం నాది, పాపం తగిలితే నాకే.) ఆ రోజుల్లో, అంటే తెలంగాణ కోసం బస్సులు డిపోల్లో, రైళ్లు స్టేషన్లలో, బొగ్గు భూమిలోనే ఆగిపోయిన రోజుల్లో, జనగామ జనానికి ఏ కష్టమైనా ఉమ్మడిగానే ఉండేది. నాకు మాత్రం సొంతానికి ఇంకొకటి ఉండేది. అది ఎంత చిన్నదంటే, దాన్ని సెకనులో పదివేలో వంతుల్లో కొలవాలి.

హైదరాబాద్‌లో ఒక కంపెనీలో కొత్తగా చేరాను. కంప్యూటరు తెర మీద బొమ్మ పడాలంటే లోపలి చిప్పుకు పని చెప్పే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది, గ్రాఫిక్స్ డ్రైవరు అంటారు. అందులో తప్పులు దిద్దడం నా ఉద్యోగం. ఆరు నెలలు చూసి, పనికొస్తే ఉంచుకుంటారు. ఆరో నెల చివరి వారంలో నా నెత్తిన పడింది ఒక మానిటరు. వైరు తగిలిస్తే పదిసార్లలో ఏడుసార్లు బొమ్మ వచ్చేది, మూడుసార్లు నల్లగా ఉండిపోయేది. బొమ్మ రాకముందు చిప్పూ మానిటరూ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. చిప్పు ఏదో పంపుతుంది, కొంచెం ఆగి "అందిందా?" అని అడుగుతుంది. ఇది రెండు విడతలుగా జరుగుతుంది. ఎక్కడో ఈ ఆగడంలోనే తేడా ఉందని మాత్రం తెలుసు. బెంగుళూరులో కూర్చునే మా మేనేజరు, బెజవాడ వైపు మనిషి, ఒక్కటే మాట చెప్పాడు. శుక్రవారం సాయంత్రం ఐదు లోపల దిద్ది, ఇరవైసార్లు వైరు తీసి పెట్టి చూసి పంపాలి, లేకపోతే ఉద్యోగం సంగతి తను మాట్లాడలేనన్నాడు. బస్సులు బంద్ అవుతున్నాయని తెలిసి, ఆఖరి బస్సులో ఆ మానిటరును పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని జనగామ చేరాను.

చేరాక తెలిసింది, ఇంట్లో కరెంటు లేదు. పొద్దున పోతే సాయంత్రం దాకా రాదు. గనులు సమ్మెలో ఉన్నాయి కదా. మా మేనమామ భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేస్తాడు. తెలివి ఎక్కువై ఆయనకే ఫోన్ చేసి, ఎట్లయినా శుక్రవారం ఒక్కపూట కరెంటు వచ్చే దారి ఉందా అని అడిగాను.

"నేనొక్కన్నే బాయిల దిగి నీ మానిటర్‌కు బొగ్గు తవ్వాల్నారా?" అన్నాడు మామ. "సమ్మెల ఉన్నం. గిట్ల అడిగినవని బయట చెప్పకు, అల్లునివి గాకపోతే నేనే వచ్చి కొట్టేటోన్ని."

అప్పుడు దేవుడిలా వచ్చాడు హెడ్‌మాస్టరు సారు. నాకు లెక్కలు చెప్పిన రిటైరు పంతులు, చౌరస్తాలో రిలే నిరాహార దీక్షల టెంటు ఆయన చేతిలోనే నడిచేది. రోజుకో వర్గం వాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పస్తు కూర్చుని, నిమ్మరసం తాగి లేవాలి, మర్నాడు ఇంకో వర్గం. లాయర్లు అయిపోయారు, బట్టల దుకాణాల వాళ్లు అయిపోయారు.

"మానుకోటల సాఫ్టువేరోళ్లు పదకొండు మంది కూసున్నరు, పేపర్ల ఫొటో వడ్డది," అన్నాడు సారు. (మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం, పోటీ కూడా దానితోనే.) "మనకు నువ్వొక్కనివే దొరికినవు. శుక్రవారం కూసో బిడ్డా. టెంటుల జనరేటర్ గూడ ఉన్నది."

జనరేటర్ అన్న మాట వినగానే నాలో తెలంగాణవాది నిద్రలేచాడు. (ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.) ఒక్కడు కూర్చుంటే బాగుండదని కేబుల్ అన్ననూ, జిరాక్స్ అన్ననూ, మొబైల్ రీచార్జి దుకాణం ఆయననూ, కరపత్రాలు టైపు చేసే ఆయననూ కూడా సాఫ్టువేరు ఉద్యోగుల బ్యానరు కింద కూర్చోబెట్టారు. కరెంటుతో నడిచే పని చేసేవాడు ఎవడైనా సాఫ్టువేరేనని సారు తీర్పు. మెడలో పూలదండ, ఒళ్లో లాప్‌టాప్, పక్కన గోనెసంచి కప్పిన మానిటరు, కడుపులో ఆకలి, దాని కింద భయం. మైకులో పాటలు, నినాదాలు. పదింటికే మేనేజరు ఫోన్.

"ఏంటయ్యా ఆ గోల?"

"పక్కింట్ల పెళ్లి సార్."

"పెళ్లిలో జై కొట్టడమేంటయ్యా?"

మా వైపు ఆచారమని చెప్పి ఫోన్ పెట్టేశాను. పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది. చిప్పూ మానిటరూ ఎట్లా పలకరించుకోవాలో రాసి ఉండే ప్రమాణాల పుస్తకంలోంచి కావలసిన పేజీలు ముందురోజే జిరాక్స్ అన్న దుకాణంలో ప్రింటు తీయించాను. అవి పక్కన కూర్చున్న ఆయన మోకాళ్ల మీద, నా చూపు తెర మీద. కళ్లముందు అక్షరాలు ఈదుతున్నాయి. ఉద్యోగం పోతే బాపు కిరాణా కొట్లో శనగపప్పు తూకం వేస్తూ బతకడం దాకా ఆలోచించాను. సరిగ్గా రెండింటికి, ఖాళీ కడుపులో మెరుపు మెరిసినట్టు, నాకు దొరికింది. మొదటి విడత అడిగేముందు వంద మైక్రోసెకన్లు ఆగాలి, రెండో విడత నాలుగు వందలు. మా డ్రైవరు రెండుచోట్లా వందే ఆగుతోంది. మానిటరు జవాబు చెప్పేలోపే దాన్ని మూగదని తేల్చి పోతోంది! ఒక్క అంకె మార్చాను.

మార్చితే సరిపోదు, చూడాలి. మానిటరు ప్లగ్గు పెట్టగానే కేబుల్ అన్న తెచ్చిన జనరేటరు దగ్గి ఆగిపోయింది. ప్లగ్గు పీకాకే మళ్లీ నడిచింది, మైకూ మానిటరూ రెండూ మోయలేనంది. మైకు ఆపితే టెంటు చచ్చినట్టే, చౌరస్తాలో జనం నిమిషంలో జారుకుంటారు. మూడున్నర అయింది. సారు దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాను, పెళ్లి అబద్ధంతో సహా. ఆయన నా మొహం చూశాడు, జనాన్ని చూశాడు, మైకు అందుకున్నాడు.

"ఇప్పుడు పదిహేను నిమిషాలు మౌన నిరసన. అందరు నోటికి నల్లగుడ్డలు కట్టుకోవాలె. ఎవ్వరు మాట్లాడొద్దు."

మైకు ఆపి, నాకు కూడా ఒక గుడ్డ ఇచ్చాడు.

మానిటరు తగిలించాను. వెలిగింది. వైరు తీశాను, పెట్టాను. వెలిగింది. రెండువందల మంది నోళ్లు కట్టుకుని నా మానిటరు వైపే చూస్తున్నారు. చప్పట్లు కొట్టాలని ఉంది, కొట్టలేరు. జామపండ్లు అమ్మే అవ్వ ఒకామె వేళ్లు మడిచి లెక్కపెట్టసాగింది. ఏడోసారి తెర ఒక్క క్షణం ఆలోచించింది. అవ్వ వేలు సగం మడిచి ఆగింది. వెలిగింది. వేలు మడిచింది. పద్నాలుగోసారికి ఫోన్ మోగింది. మేనేజరు. నా చేతుల్లో వైరుంది, నోటికి గుడ్డ ఉంది. కేబుల్ అన్న ఫోన్ నా చెవికి ఆనించాడు.

"ఏమయ్యా, అంతా నిశ్శబ్దంగా ఉంది? పెళ్లి అయిపోయిందా, లేక టెంటు ఎత్తేశారా?"

పొద్దుటి నుంచీ తెలుసన్నమాట. గుడ్డలోంచి "ఊ" అన్నాను. అది దేనికి జవాబో నాకే తెలియదు.

"సరే, ఇరవై పూర్తి చేసి పంపు," అన్నాడు. "పంపాక ఆ నిమ్మరసమేదో తాగు. మా నాన్న కూడా వెనకటికి ఒకసారి ఇలాగే కూర్చున్నాడు, వేరే దానికోసంలే."

అవ్వ రెండు చేతుల వేళ్లూ రెండుసార్లు మడిచింది. మైకు మళ్లీ మోగింది. డాటా కార్డు సిగ్నల్ కోసం టెంటు గుంజ ఎక్కినంత పనిచేసి నాలుగూ నలభైకి పంపాను. సోమవారం జవాబొచ్చింది. ఉద్యోగం నిలిచింది, తప్పు భలే పట్టావని నాలుగు మంచిమాటలు కూడా ఉన్నాయి.

ఇక కల్పన ఎక్కడుందో ఒప్పుకోవాలి, అన్నం మీద ఒట్టేశాను మరి. మామ మాట నిజం, మౌనం నిజం, అవ్వ వేళ్లు నిజం. అబద్ధం ఆ మెరుపు. రెండింటికి నాకు ఏ మెరుపూ మెరవలేదు, నేను కునుకు తీస్తున్నాను. జిరాక్స్ అన్న నన్ను మోచేత్తో పొడిచాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. నేను గంటల తరబడి తెర మీద ఆ వంద చుట్టూనే వేలితో గీతలు గీయడం చూశాడు.

"తమ్మీ, గీ కాయితంల పైన వంద ఉన్నది, కింద నాలుగొందలున్నది. నీ దాంట్ల రెండు తావుల వందనే ఉన్నదేంది?"

నడుమ నువ్వేంది అని విసుక్కుని, తర్వాత చూశాను. మెయిల్లో మాత్రం "నేను కనుక్కున్నాను" అని రాశాను. ఆ తర్వాత ఈ కథ ఎన్ని పెళ్లిళ్లలో చెప్పానో, రెండుసార్లు ఆయన ఎదుటే చెప్పాను. నవ్వుతూ విన్నాడు తప్ప ఒక్క మాట అనలేదు. ఆ పూలదండ వేసుకున్న కుర్రాడి మీద నాకు కోపం రాదు. వాడు అంత భయపడ్డాడు, ఆ భయానికి ఏదో ఒక కూలి కావాలనుకున్నాడు. కానీ ఈ కథ రాసిన కాగితాలు పత్రికకు పంపేముందు నా దగ్గర ఒక నకలు ఉంచుకోవాలి, మా వీధిలో ఇప్పటికీ ఉన్నది ఆయన దుకాణమే. తెలుగులో ఉన్న కాగితమైతే మొదటి నుంచి చివరిదాకా చదవనిదే మిషను మీద పెట్టడు.