అమావాస్య పంతులు

నా పరువు ఎమ్మిగనూరులో ఎలా మట్టిలో కలిసిందో చెబుతాను. నవ్వదలచినవారు సర్దుకుని కూర్చోండి. జాలిపడదలచినవారు లేచి వెళ్లిపోవచ్చు.

యుద్ధం రోజులు. నాకు ఇరవై ఏళ్లు. ఆదోనిలో మాది పత్తి వ్యాపారం. చదువు రానివాళ్లందరినీ ఒంటిచేత్తో ఉద్ధరించడానికే పుట్టానని నాకు గట్టి నమ్మకం. వయోజనుల బడులు నడిపే శెట్టిగారు నన్ను పిలిచి, "ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో పెద్దోళ్లకు అక్షరాలు నేర్పప్పా. మనుషులు రాకుంటే మాత్రం మూసేస్తా" అన్నారు.

మొదటి మధ్యాహ్నమే నలభై మంది వచ్చారు. నా ఉపన్యాసానికి మైమరచిపోయారు. (కొందరు కళ్లు మూసుకున్నది ఆనందంతోనే అని ఇప్పటికీ నా అభిప్రాయం.) ఆ ఊపులోనే శెట్టిగారికి ఉత్తరం రాసిపారేశాను: "రోజూ నలభై మంది వస్తున్నారు. వచ్చి కళ్లారా చూడండి."

మరునాడు వచ్చింది ఒక్క ఎల్లమ్మ. మగ్గాలకు నూలు కండెలు చుట్టే మనిషి. కొడుకు పటాలంలో ఉన్నాడు. వాడు రాసే కార్డులను టపా బంట్రోతు వీధంతా వినేటట్లు చదువుతాడట.

"నా కొడుకు నాకు రాసింది నేనే సదువుకోవల్ల అయివారూ. ఊరంతా విన్నంక నాకేం మిగుల్తాది?" అంది. వెంటనే పలక ఇచ్చి 'అ' దిద్దించాను. కానీ పది నిమిషాలకే, కండెలు అందించాలని లేచిపోయింది.

మిగతావాళ్ల కోసం ఇల్లిల్లూ తిరిగాను. మగ్గం గుంటలో కూర్చున్న వీరన్న తలెత్తకుండానే, "పని లేనప్పుడు వస్తామప్పా, యాడికి పోతాం?" అన్నాడు.

పని ఎప్పుడుండదని అడిగి ఉంటే ఈ కథే లేదు. అడగలేదు. విద్య విలువ గురించి గంటసేపు దంచాను. ఆ గంటలో ఆయన జానెడు బట్ట నేశాడు.

వారం తిరక్కుండా శెట్టిగారు దిగారు. బడిలో నేను, నల్లబల్ల, ఎల్లమ్మ.

"నలభై మంది యాడప్పా?"

"దారిలో ఉండారు శెట్టిగారూ."

"ఈ వీధిలో ఉండేటోళ్లకు ఈ వీధికి రానీకి అంత దారేముంది?"

నేను నల్లబల్ల తుడిచాను. తుడిచిందే మళ్లీ తుడిచాను. ఎల్లమ్మకు జాలేసింది.

"ఆ పొద్దు అమాస సామీ. అమాసకు మేము మగ్గం ముట్టం. ఊరికే కూసోలేక అందరూ వచ్చినారు. అయివారింట్లో పంచాంగం లేదేమో!"

మా ఇంట్లో మూడు పంచాంగాలున్నాయి. ప్రతి అమావాస్యకూ పత్తి కొట్టు ముందు గుమ్మడికాయ కొట్టేది నేనే.

"నెలకొక దినానికి బడెందుకు? మూసేస్తా" అన్నారు శెట్టిగారు.

ఎల్లమ్మ పలకను గుండెకు హత్తుకుంది. "మూయొద్దు సామీ. నా చేతులు ఖాళీ అయితే రోజూ సదువుకుంటా."

శెట్టిగారు నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "ఈయప్ప చేతులు ఖాళీగానే ఉండాయి గదా. కండెలు ఈయప్ప చుట్టనీ."

ఆనాటి నుంచి పలక ముందు ఎల్లమ్మ, రాట్నం ముందు నేను. నేను చుట్టింది చూసి వీరన్న, "అయివారూ, ఇది కండెనా, పిచ్చుక గూడా?" అనేవాడు. ఉగాదికల్లా ఎల్లమ్మ కొడుకు కార్డు తానే చదువుకుంది, పెదవులు మాత్రం కదిలిస్తూ. ఏం రాశాడని ఆత్రంగా అడిగాను.

"నీకెందుకప్పా? కండె సరిగా సుట్టు" అంది.

కాబట్టి పాఠకులారా, మూడు పంచాంగాల మీదా చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఎదుటివాళ్ల తీరిక అడక్కుండా ఈ జన్మలో మళ్లీ బడి తెరవను. ఎందుకంటే ఆ బడిలో తప్పింది నేనొక్కడినే. కండె చుట్టడం నాకు ఇప్పటికీ రాదు.