టెనర్లలో మా అత్త

పందొమ్మిది వందల యాభైల చివర్లో, కోవూరు పక్కన మా పల్లె చర్చికి కొత్త పాటల మాస్టారు వచ్చాడు. ఇన్నాళ్లూ మేము పాడింది పాట కాదు, గుంపుగా అరవడం అని మొదటి రోజే తేల్చాడు. మేమేం బాధపడలేదు. ఆ అనుమానం మాకూ ఉండింది.

క్రిస్మస్‌కి నాలుగు గొంతుల్లో పాడాలన్నాడు. ఆడవాళ్లలో పై గొంతు సొప్రానో, కింది గొంతు ఆల్టో. మగవాళ్లలో పైది టెనర్, అడుగున బేస్. ఒక్కొక్కరినీ హార్మోనియం దగ్గరికి పిలిచి, స్వరాలు ఎక్కించి దించి, బుచ్చిరెడ్డిపాలెం వ్యాపారి వడ్ల రకం చూసినట్టు చూసి, పలక మీద రాసుకున్నాడు. నన్ను టెనర్లలో వేశాడు. ఇంకెక్కడా పట్టకపోవడమే నా అర్హత.

చిక్కు మా మేనత్తతో వచ్చింది. నాట్లలో ఇరవై మందికి ముందుపాట ఎత్తే మనిషి, మామ పోయాక మూడేళ్లు పాట ముట్టలేదు. క్రిస్మస్‌కి పాడతానని తనే వచ్చింది. ఆల్టో స్వరం ఆమెకు అందలేదు. కిందికి పోతే మాత్రం ఆగలేదు, మాస్టారే ఆగాడు.

“అక్కా, నీది టెనర్ గొంతు,” అన్నాడు దిగులుగా.

మా చర్చిలో నడవకి ఒక పక్క చాపల మీద మగవాళ్లు, రెండో పక్క ఆడవాళ్లు. టెనర్లు మగవాళ్ల పక్క. మాస్టారు తల గోక్కున్నాడు.

“ఈసారికి ఆల్టోల్లో నిలబడి, ఊరికే పెదవులు కదిలించక్కా.”

“నేనేమన్నా చేపనా, అయ్యవారూ?” అంది అత్త. అందరం నవ్వాం. ఆమె నవ్వకుండా ఇంటికి పోయింది.

సాయంత్రం వెళ్తే బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

“రేపు ప్రాక్టీసుకి రావా అత్తా?”

“మూడేళ్లు ఇంట్లో నోరు మూసుకోనే ఉండా. ఆ పనికి చర్చి దాకా ఎందుకు, అబ్బయ్యా?”



మర్నాడు టెనర్ల చాపని నడవ అంచుకి లాగాను. “గాలి ఆడటం లేదు మాస్టారూ,” అన్నాను. అది డిసెంబరు. మాస్టారు నన్నూ, నడవకి అవతలి అంచునీ మార్చి మార్చి చూశాడు. తనే వెళ్లి అత్తని పిలుచుకొచ్చి, ఆడవాళ్ల చాప ఈ చివర కూర్చోబెట్టాడు. ఎవరి పక్క వాళ్లున్నారు. మధ్యలో బారెడు నడవ, అంతే.

పండగనాడు అత్త నాట్లలో లాగే అర ఊపిరి ముందు ఎత్తుకుంది. టెనర్లు ఆమె వెనకే నడిచారు. పాస్టరు గారు కళ్లు తెరిచి ఇటు చూసి, మళ్లీ మూసుకున్నారు.

బయటికొచ్చాక అత్త నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వు పాడినావా అబ్బయ్యా? నాకు వినపళ్లేదే.”

“పెదవులు కదిలించినానులే అత్తా,” అన్నాను.