మొగిలయ్య కత్తుల సంఘంల చేరిన ముచ్చట

పరాయి దేశంల, హామిల్టన్ అనే ఊర్ల పాలు పిండే మిషన్లు బాగుచేసే మొగిలయ్యకు మాట్లాడెటోడు లేక నాలిక తుప్పు పట్టింది. మొన్న బతుకమ్మకు పోతే సాఫ్ట్‌వేరోళ్ళు ఒక దిక్కు, ఇక్కడ చదువుకొని సెటిలైనోళ్ళు ఇంకో దిక్కు కూసున్నరు. మొగిలయ్యకు పసుపు జాకెట్ తొడిగి పార్కింగ్ కాడ నిలబెట్టిండ్రు. ఆట అయింది, తినుడు అయింది, హాలుకు తాళం గూడ ఏసి పోయిండ్రు. ఈయన ఇంక నిలబడి ఖాళీ జాగకు చెయ్యి ఊపుతనే ఉన్నడు.

"ఎవ్వరు తినమనలే" అన్నడు ఇంటికొచ్చి.

"నువ్వడిగినవా?" అన్నది పెండ్లాం తారాబాయి.

"అడిగి తినేదానికి హోటల్ లేదానే?"

గట్లున్నప్పుడు గ్రేమ్ అనే ముసలి రైతు కాడికి రిపేరుకు పోయిండు. గ్రేమ్‌కు లెక్కలేనన్ని ఆవులు, ఒక కత్తుల సంఘం ఉన్నయి. వాళ్ళ తాత జర్మనీల చదివేటప్పుడు పిలగాండ్లు సంఘాలు కట్టి కత్తులతోని కొట్టుకునేటోళ్ళంట. చెంప మీద గాటు పడ్డోనికి పిల్లనియ్యనీకి జనం ఎగబడెటోళ్ళంట. ఇప్పుడు మొకానికి ఇనుప జాలి, చేతిల మొద్దు కత్తి. కట్టుబాటు మాత్రం గదే. గెలుసుడు లేదు, ఓడుడు లేదు. కత్తి మీదికొస్తున్నా కాలు ఎనుకకెయ్యొద్దు, తల దించొద్దు. నిలబడ్డోనికి జంధ్యం లెక్క అడ్డంగ పచ్చ రిబ్బన్ ఏస్తరు.

"నువ్వు గూడ రా మేట్" అన్నడు గ్రేమ్.

గీ దేశంల పని లేకుండ ఒకరు రమ్మన్నది గదే మొదలు. ఇంట్ల తారాబాయి చపాతీ కర్రతోని కొడుతుంటే రెప్ప ఆర్పకుండ నిలబడి ప్రాక్టీస్ చేసిండు. ఆమెకు గీ ఆట మస్తు నచ్చింది. "సంఘంల చేరినంక గూడ ఇడువకు" అన్నది.

పరీక్షనాడు ఎదురుంగ ఒక బడి పంతులు నిలబడ్డడు. మొగిలయ్య రాయి లెక్క ఉన్నడు. అంతల పంతులు కత్తి జారి ఈయన కాలు మీద పడ్డది. దసరాకు పానాలకు, స్క్రూడ్రైవర్లకు బొట్లు పెట్టే మనిషాయె, ఆయుధానికి కాలు తగిలితే ఊకుంటడా? గభాల్న వంగి కత్తిని తాకి, జాలి మీదికెల్లే కండ్లకద్దుకున్నడు.

పంతులు మొకం మీది జాలి తీసిండు.

"తల దించిండు" అన్నడు పంతులు.

"దండం పెట్టిన."

"ఎవలకు?"

"కత్తికి."

"అది నా కత్తి గదా?"

సంఘం శానసేపు సోంచాయించి ఒక్క ఛాన్సు ఇచ్చింది. మల్ల తల దించితే ఇగ గడప తొక్కొద్దన్నది.

పై శనివారం గ్రేమే ఎదురుంగొచ్చిండు. మొగిలయ్య మెడను సిమెంటు పోసినట్టు బిగవట్టిండు. ముసలాయన కత్తి లేపిండో లేదో మడమ మడతపడి కూలవడ్డడు. నెత్తి వచ్చి మొగిలయ్య బూటుకు తగిలింది. పెద్దమనిషి నెత్తికి బూటు! మొగిలయ్య పాణం గిలగిల కొట్టుకున్నది. అయినా గోడ దిక్కే చూస్తున్నడు.

"చెయ్యియ్యి!" అన్నడు గ్రేమ్ కిందికెల్లి.

"ఆట అయిందా సార్?"

"నా కాలు విరిగింది!"

"ఆట అయిందా చెప్పుండ్రి సార్."

"అయింది!"

అప్పుడు వంగిండు. వంగి గ్రేమ్ కాళ్ళు మొక్కిండు, విరిగినదాన్నే గట్టిగ పట్టుకొని. ముసలాయన పెట్టిన కేకకు ఆ జిల్లాల ఆవులన్ని ఒక్కసారే పాలు చేపినయి.

సంఘపోళ్ళ కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. గిసొంటి నిలబడుడు వాళ్ళ తాతలు గూడ చూడలేదంట. గ్రేమ్ స్ట్రెచర్ మీదికెల్లే మొగిలయ్యకు రిబ్బన్ ఏసిండు.

తెల్లారి ఫోన్ల మెసేజ్ వచ్చింది. గ్రేమ్ కాలు అతుకుకునేదాక రిబ్బన్ ఉన్నోళ్ళంత పొద్దుగాల్నే పాలు పిండనీకి ఆవుల కొట్టానికి రావాలె. బయట గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉన్నది.

"తారా, నా పేరు గూడ పెట్టిండ్రు!"

"పైసలిస్తరా?"

"పైసలెందుకే, మనోళ్ళు గదా" అనుకుంట గంబూట్లు తొడుక్కున్నడు.