ఈశ్వరి తీగ మీద ఒక్క ఎర్ర గుడ్డు

చోడవరం నుంచి మాడుగుల, అక్కణ్నుంచి దేవరాపల్లి, మళ్లీ చోడవరం. ఒక్క పూట ప్రయాణం. సరదాగా వెళ్లొచ్చాం అని రాయాలని ఉంది గాని అబద్ధం రాసి ఏం లాభం? నా చేత్తో నేను చేసిన ఒక పాడు పని వల్ల వెళ్లాల్సి వచ్చింది. దారంతా చూసినవీ మంచివి కావు. కానీ చివర్లో దొరికిన సంతోషం ఉంది చూశారూ, అది కడుపులో పట్టక, ఎనిమిదో తరగతితో బడి మానేసిన ఈ ముసలివాడు ఇన్ని పేజీలు రాస్తున్నాడు! సీతాకోకచిలుకల కోసం మా వైపు రావాలనుకునే వాళ్లకి దారి కూడా తెలుస్తుంది.

మా అమ్మాయి హైమ విశాఖపట్నంలో జువాలజీ ఎమ్మెస్సీ ఆఖరి ఏడు చదువుతోంది. ప్రాజెక్టుకి క్రిమ్సన్ రోజ్ అనే సీతాకోకచిలుకని తీసుకుంది. ఏం అందమండీ దానిది! రెక్కలు చాపితే అరచేయంత. ఒళ్లంతా మఖమల్ నలుపు, ముందు రెక్కల మీద తెల్లటి పట్టీలు, వెనక రెక్కల మీద కుంకుమ బొట్లు వరసగా పెట్టినట్టు ఉంటాయి. తలా పొట్టా కూడా ఎరుపే. మన దేశంలో, శ్రీలంకలో, కొంచెం బర్మా పడమటి ఒడ్డున తప్ప ఇంకెక్కడా ఉండదట. అది గుడ్లు పెట్టేది ఈశ్వరి తీగ, దాని జాతి మొక్కల మీదే. ఆ ఆకులో విషం ఉంటుంది. పురుగు ఆ ఆకు తిని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, అందుకే పిట్టలు దాన్ని ముట్టవు. మా చెరకు మడి కంచె మీద ఆ తీగ ఉండడంతో హైమ ప్రతి ఆదివారం వచ్చి చూసుకుని వెళ్లేది.

"నాన్నా, ఆ తీగ జాగర్త. ఎవుళ్నీ ముట్టనియ్యకు" అని నాకు అప్పజెప్పింది. పిల్ల నన్ను నమ్మి ఒక పని చెప్పిందని నేను పొంగిపోయాను. బుధవారం పొద్దున్న వెళ్లి చూద్దును గదా, ఆకులన్నీ చిల్లులు! నల్లటి పురుగులు, ఒంటినిండా ఎర్రటి ముళ్లలాంటి బుడిపెలతో, కరకరా నమిలేస్తున్నాయి. నలభై ఏళ్లుగా చెరకులో పీక పురుగుతో కొట్లాడినవాణ్ణి, పురుగుని చూస్తే నా చెయ్యి మందు కొట్టే ట్యాంకు మీదకే పోతుంది. తీగకి అక్కడక్కడా రంగు దారాలు కట్టి ఉన్నాయి. దిష్టికి కట్టిందనుకున్నాను. పురుగే రెక్కలు తొడుక్కుంటుందని బళ్లో చదివాను గాని, ఈ ముళ్ల పురుగే ఆ కుంకుమ బొట్ల చిలుక అని బుర్రకి తట్టలేదు. ట్యాంకు వీపుకి తగిలించుకుని ఆకు ఆకూ తడిపాను. ఆ తరవాత గొప్పగా ఫోను కూడా చేశాను. "అమ్మా, నీ తీగకి పట్టిన పురుగునంతా దులిపేసేను!"

ఫోను కట్టయింది. సిగ్నలు పోయిందనుకున్నాను.

ఆదివారం వచ్చి కంచె దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. పురుగులు ఆకుపచ్చగా కక్కుకుని, తడి గుడ్డ పీలికల్లా వేలాడుతున్నాయి. ఒక్కో పురుగుకి గుర్తుగా తను కట్టుకున్న దారాలు ఒక్కొక్కటే విప్పుతూ లెక్కపెట్టింది. పంతొమ్మిది. పుస్తకంలో "19, మందు" అని రాసి మూసేసింది. నేను అందుకోబోతే పుస్తకం వెనక్కి లాక్కుంది. అప్పట్నుంచి నన్ను నాన్నా అని పిలవలేదు. నేను అడిగినదానికి జవాబు వాళ్లమ్మకి చెప్పేది. ఫిబ్రవరిలో రిపోర్టు ఇవ్వాలి, గుడ్డు నుంచి రెక్కల దాకా ఒక్కటైనా పూర్తిగా చూసి రాయాలి. వేరే తీగ కోసం మాడుగుల వైపు వెళ్తున్నానని వాళ్లమ్మతో అంటే, నేనూ వస్తానన్నాను. వద్దనలేదు. నాకదే చాలు!

చోడవరంలో ఆరు గంటల బస్సెక్కాం, టికెట్టు ఒకరికి ముప్పై అయిదు. చెరకు ట్రాక్టర్ల వెనక పడి, మంచులో నెమ్మదిగా ఏడుకి మాడుగుల చేరాం. బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాం. హైమకి చిన్నప్పట్నుంచీ ప్రాణమని పావు కిలో హల్వా కట్టించాను. దాని వైపు చూడకుండానే సంచిలో పడేసింది. దేవరాపల్లి దాకా మధ్యలో ఆగుతూ వెళ్లడానికి తొమ్మిది వందలకి ఆటో మాట్లాడాం. డ్రైవరు సన్యాసిరావుకి నోరు ఊరుకోదు.

"ఏటి బాబూ, పొద్దున్నే బయల్దేరేరు. సమ్మందం సూడ్డానికేటి?"

"ఈశ్వరి తీగ సూడ్డానికి."

"అయ్యబాబోయ్, పామేటైనా కరిసిందా?"

"నేదురా. తీగ మీద పురుగు కోసం."

వాడు బండి ఆపి మరీ వెనక్కి తిరిగాడు. "పురుగు కోసం ఆటో కట్టించుకున్నోల్ని ఇదే సూడ్డం! మా ఇంటికి రాండి, బియ్యం డబ్బా నిండా ఉన్నాయి. ఆటో కర్సు మిగుల్తాది."

హైమ పెదవి కదిలింది. వెంటనే మొహం బయటికి తిప్పేసుకుంది.

మాడుగుల దాటాక కొండ మొదట్లో మొదటి చోటు. కిందటేడు అక్కడ తీగ దట్టంగా ఉండేదట. మేం వెళ్లేసరికి నేలంతా గోతులు. పాము కాటుకి నాటుమందని వేర్లు తవ్వుకుపోయారు. పైన తీగ మాత్రం చెట్టుకి వేలాడుతూ ఎండిపోయింది. ఆకు వెనక మూడు గుడ్లు, అవీ మాడిపోయి ఉన్నాయి. గుడ్డు పగలడానికి నాలుగైదు రోజులు పడుతుంది, పిల్ల బయటికొచ్చాక తినడానికి పచ్చి ఆకు ఉండాలి. హైమ ఆ ఆకుని తెంపకుండా ఫొటో తీసి లేచింది. దేవరాపల్లి రోడ్డు మీద రెండో చోటు ఇంకా ఘోరం. చెరకు నరికాక చెత్తకి నిప్పు పెట్టారు, గట్టూ కంచే కూడా తగలబడిపోయాయి. బూడిదలో కాలు చీలమండ దాకా దిగింది. ఇంకా వెచ్చగానే ఉంది. నేనూ ఎన్నోసార్లు అలా తగలబెట్టినవాణ్ణే.

"ఇంకో కాడుంది గానీ" అన్నాడు సన్యాసిరావు, "ఆ ముసిల్ది తిడతాది."

"తిట్టనీ, పద."

పదకొండు దాటింది. దేవరాపల్లికి ఇవతల, రోడ్డు పక్క ఇల్లు. కంచె నిండా ఈశ్వరి తీగ! కంచె ముందు ఒక పెద్దావిడ కందికాయలు ఒలుస్తోంది. పేరు అప్పయ్యమ్మ.

"ఈ తీగ ఏరు కోసమైతే ఎల్లిపోండి. ఇవ్వను."

"ఏరొద్దప్పా. మా గుంట సదువుకి ఆకులు సూసుకుంటాది, అంతే" అన్నాను హైమని చూపించి.

ఆవిడ కాసేపు మమ్మల్ని ఎగాదిగా చూసింది. "మా ముసిలోణ్ని పాము కరిసింది బాబూ. ఈ ఏరే అరగదీసి పొద్దుటికాణ్నుంచి మజ్జానం దాకా తాగించేం. ఆసుపత్రికి ఎల్లేసరికి మనిసి నేడు."

"మరి తీగనెందుకు ఉంచేవప్పా?"

"తీగేటి సేసింది? ఆలీసం సేసింది మేం. ఏరు కోసం ఎవులొచ్చినా ఆసుపత్రికి తోలేద్దామని ఇక్కడ కూకుంటన్నాను."

ఆవిడ పక్కన నేల మీద కూర్చుని, హైమ వింటుండగానే, నేను చేసినదంతా చెప్పేశాను. తీగని కాపాడుతున్నాననుకున్నాననీ, పంతొమ్మిదింటినీ చంపేశాననీ.

"ఎర్రి బాబూ" అంది అప్పయ్యమ్మ, కాయ ఒలుస్తూనే. "ఇదిగో గుంటా, మీ అయ్య ఏడుస్తన్నాడు, సూడు."

హైమ నా వైపు చూసింది. అంతలో కంచె పక్క తలంబ్రాల పొద పువ్వుల మీంచి నల్లటి సీతాకోకచిలుక ఒకటి లేచి, నా భుజం మీదుగా తీగ వైపు వచ్చింది.

"నాన్నా! కదలకు!"

కదల్లేదండీ! ఊపిరి కూడా బిగబట్టాను. అది ఆకు ఆకుకీ దిగి, కాళ్లతో తట్టి, రుచి చూసి లేస్తోంది. నాలుగో ఆకుకో అయిదో ఆకుకో రెక్కలు టపటపలాడిస్తూనే ఎర్రటి పొట్ట వంచి అడుగున ఆనించింది. తీసేసరికి అక్కడ ఆవగింజంత ఎర్ర గుడ్డు!

"పుస్తకం తీసి రాయి నాన్నా, ఏ ఆకో మర్సిపోకండా నేను సూస్తుంటాను."

"19, మందు" అన్నదాని కింద నా కోడిగీతల్లో రాశాను: "పదకొండు నలభై. గుడ్డు ఒకటి." హైమ సంచిలోంచి దారం తీసి ఆ కాడకి కట్టింది. అప్పయ్యమ్మ చేతిలో సగం హల్వా పెట్టి, మిగిలింది మధ్యాహ్నం ఒంటిగంటన్నర బస్సులో నాకు విరిచి ఇస్తూ తనూ తింది. చోడవరం దాకా మాట్లాడుతూనే ఉంది!

ఆ గుడ్డు బతుకుతుందో లేదో తెలీదు. రెండు మూడు వారాలు పురుగుగా తినాలి, తరవాత ఎక్కడో పుల్లకి గూడు కట్టుకుని ఇంకో రెండు వారాలు వేలాడాలి. చీమలున్నాయి, సాలీళ్లున్నాయి, పక్క మడిలో నిప్పు పెట్టేవాళ్లున్నారు. నేను చంపిన పంతొమ్మిదీ తిరిగి రావు, పుస్తకంలో ఆ అంకె అలాగే ఉంటుంది, ఉండాలి కూడా. కానీ దాని కింద నా చేతిరాత ఉంది. ప్రతి ఆదివారం దేవరాపల్లి వెళ్దామంది హైమ, నన్నే రమ్మంది! పొద్దున్న లేస్తూనే అది గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకుంటున్నాను.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట. చిలుక కోసం ఆకాశంలో వెతక్కండి, ఈశ్వరి తీగ కనిపిస్తే తెంపకుండా ఆకుని మెల్లగా తిప్పి అడుగున చూడండి. మీకు మడి ఉంటే, వీపుకి ట్యాంకు తగిలించుకునే ముందు అదే పని చెయ్యండి.