నెరీనా నోట ఎవరి మాట

సముద్రం పక్కనున్న కియోజా ఊళ్లో నెరీనా వాళ్లిల్లూ మా ఇల్లూ ఒకే కాలువ ఒడ్డున ఉండేవి. నెరీనా తల్లితో కలిసి చేపల సంతలో మలుగు చేపల తోలు ఒలిచేది. అరవై రెండులో తస్సీ అనే దర్శకుడు అక్కడికొచ్చి, ఆ పిల్ల ముఖం చూసి సినిమాలోకి రమ్మన్నాడు.

"నువ్వేం అంత అందగత్తెవే? వాడికేం కావాలో ముందు కనుక్కో," అంది వాళ్లమ్మ. ఆ అనుమానంతోనే నన్ను తోడు పంపింది. నేను జుట్టు దువ్వే పని నేర్చుకుని నెరీనా వెంటే ఉండిపోయాను.

మొదటి సినిమా రోములో చూశాం. తెరమీద నెరీనా నోరు తెరిచింది. వినబడింది మరెవరి గొంతో. మెత్తగా, బాగా చదువుకున్నదానిలా. నెరీనా నా చెయ్యి గిల్లింది.

"ఎల్డా, అదెవత్తే?"

తస్సీని అడిగితే నవ్వేశాడు. "అప్పుడు నీకు జలుబమ్మా. ఈసారికి సర్దుకో."

తర్వాత ఏడు సినిమాలకూ ఆ జలుబు తగ్గలేదు. పత్రికలు ఆమె గొంతులోని దుఃఖాన్ని తెగ పొగిడాయి. నెరీనాకు ఎవరిమీదా నమ్మకం లేకుండా పోయింది. సంతకం పెట్టే ప్రతి కాగితం నాచేత మూడుసార్లు చదివించేది. తస్సీ ఆ గొంతుదాన్ని ఉంచుకున్నాడనీ, సెట్లో నవ్వేవాళ్లంతా ఆ సంగతి తెలిసే నవ్వుతున్నారనీ అనేది.

చివరికి ఒక పొద్దున ఇద్దరం డబ్బింగ్ థియేటర్ గుమ్మం దగ్గర కాపు కాశాం. యాభయ్యేళ్ల లావుపాటి మనిషి కూరల సంచితో వచ్చింది. పేరు ఒత్తావియా, తెరమీద విన్న గొంతు ఆమెదే. నెరీనాను చూడగానే సంచి గుండెకు హత్తుకుంది.

"నా పొట్ట కొట్టడానికొచ్చావా పిల్లా?"

"నా నోట్లో మాట కాజేసింది నువ్వు!"

"నేనా? నీకు పుట్టు నత్తి అనీ, నువ్వే బతిమాలుకున్నావనీ చెప్పాడే ఆయన!"

"నత్తా! ఏదీ, నా మాటలో ఎక్కడుందో చూపించు!"

ఒత్తావియా సంచి కింద పెట్టింది. "లేదు. సముద్రపు యాస ఉంది, అంతే."

నెరీనా తస్సీకి ఇక చెయ్యనని చెప్పేసింది. ఏడాదిపాటు ఎవరూ పిలవలేదు. తర్వాత తూరిన్ నుంచి ఒక కొత్త దర్శకుడు ఆమె సొంత గొంతుతోనే తీస్తానన్నాడు. ఆ సినిమా మొదటి ఆటలో వెనక వరసలోంచి ఎగతాళిగా ఈలలు లేచాయి.

"ఇదేం డబ్బింగ్ రా! ఆమె గొంతు ఇది కాదు, మోసం!"

"నాదే!" అని చీకట్లో లేచి అరిచింది నెరీనా.

"కూచోవమ్మా, సినిమా చూడనీ," అన్నారెవరో.

అదే గొంతుతో మరో నాలుగు సినిమాలు చేసింది, చిన్న హాళ్లలో ఆడాయి. ఒత్తావియా ఏటా ఈస్టర్‌కు తీపిరొట్టె పంపేది. నెరీనా మొదటి ముక్క నాకు పెట్టి, తిన్నాక నాకేమీ కాలేదని చూసుకుని, అప్పుడు తను తినేది.