దిగినాక ఎవరొస్తారు?

పోయిన బుధవారం మధ్యాహ్నం నమాజు చదువుకుని కుర్చీలో కూర్చున్న మా ఖాలా మళ్ళీ లేవలేదు. ఆళ్ళగడ్డలో ఆమె మా పక్కింటామె. రక్తసంబంధం లేకపోయినా చిన్నప్పటి నుంచీ ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచాను. అమ్మ ఫోనులో కబురు చెప్పిన మరునాడే ఇంగ్లండులో ఉన్న నాకొక ఫోటో వచ్చింది. ఆళ్ళగడ్డ బస్టాండు దగ్గర కట్టిన ఫ్లెక్సీ అది. ఎవరి పెళ్ళి ఫోటోలోంచో కత్తిరించిన ఖాలా ముఖం. కింద ‘మా సంస్థ శ్రేయోభిలాషికి అశ్రునివాళి’ అని రాసి, దాని కింద విదేశాల్లో ఉద్యోగాలు ఇప్పించే నంద్యాల ఆఫీసు పేరు, ఫోన్ నంబరు.

ఆమె పోట్లాడింది ఆ ఆఫీసుతోనే. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్ళు మండింది. మా నాయన రాతి విగ్రహాలు చెక్కే మనిషి, ఎవరితోనూ మాట పెంచుకోడు. అట్లాంటాయన నిచ్చెన తీసుకుపోయి ఫ్లెక్సీని దించేశాడు. “ఆయమ్మ మొగం చూపిచ్చి పిల్లోళ్ళను పిలుస్తాండారా వీళ్ళు?” అన్నాడట. ఫ్లెక్సీ దిగింది కానీ, దాన్ని చూసినవాళ్ళు చూసే ఉంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఖాలా వయసులో ఉన్నప్పుడు కువైట్ పోయి, మంచం పట్టిన ఒక ముసలామెను చాలా ఏళ్ళు కనిపెట్టుకుని ఉంది. “మూడేండ్లు నా పేరు ఎవురూ అడగల్యా పాపా. నాకంటే ముందు పనిచేసినామె పేరుతోనే పిలిచినారు. నేనూ పలికినా,” అని చెప్పేది. చెప్పేటప్పుడు నవ్వేది కాదు.

తిరిగి వచ్చాక, ముసలివాళ్ళను చూసుకునే పనికి పరాయి దేశం పోతున్న ఆడపిల్లలకు తన ముందుగదిలో పని నేర్పడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పమనలేదు. తానే మంచం మీద ముసలిరోగిలా పడుకునేది. ఒళ్ళంతా బరువు చేసుకుని, అరబ్బీలో గొణిగేది, తిట్టేది. ఆ భాష రాని పిల్ల ఆమెకు నీళ్ళు కావాలో, పక్కకు తిప్పాలో కనుక్కోవాలి. తప్పు చేస్తే టక్కున తెలుగులోకి వచ్చేది. “నా నడుము ఇరుస్తాండావ్ గదమ్మీ!”

నేను నంద్యాలలో నర్సింగ్ చదివాను. ఇంగ్లండులో వృద్ధుల ఆశ్రమంలో పని ఖాయమైందని ఆ ఆఫీసువాళ్ళు చెప్పినప్పుడు ఖాలా నాతో వచ్చింది. ఏసీ గది, గోడ నిండా విమానాల బొమ్మలు. యజమాని అన్నీ చెప్పుకుంటూ పోయాడు. విమానాశ్రయానికి కారు, వేరే గది, రెండు వారాల శిక్షణ. ఖాలా చివరిదాకా విని ఒకటే అడిగింది.

“దిగినాక ఎవురొస్తారప్పా? మనిషి పేరు చెప్పు.”

“కంపెనీవాళ్ళు వస్తారమ్మా.”

“కంపెనీకి కాళ్ళుండవు గదా. పేరు చెప్పు.”

ఆయన నవ్వి, ఒక కాగితం మీద ఏదో పేరు, నంబరు రాసిచ్చాడు.

పొద్దున ఇంగ్లండులో దిగాను. ఎవరూ రాలేదు. ఆ నంబరు మోగలేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే ఖాలాకు ఫోన్ చేసి ఏడ్చాను.

“ముందు నీళ్ళు తాగు. ఆడ నేల తుడిచేటామె యాడన్నా కనపడుతుందా చూడు. ఆమెను అడుగు. ఆమెకు అన్నీ తెలుస్తాయి,” అంది.

నిజమే. నేల తుడుస్తున్న పంజాబీ ఆవిడ నా కాగితాలు చూసి, చెయ్యి పట్టుకుని బస్సు దగ్గరకు తీసుకుపోయింది. రెండు బస్సులు మారి ఆశ్రమం చేరితే, మేనేజరు “వచ్చే వారం కదా రావలసింది?” అంది. అటక మీది గదిలో రెండు మంచాలు, నలుగురం. శిక్షణ లేదు. రెండో రోజే, మనిషిని మంచం మీంచి లేపే యంత్రం దగ్గర ఒంటరిగా నిలబెట్టారు. ఎప్పుడూ ముట్టని యంత్రంతో ఒక ముసలాయన్ను గాల్లోకి ఎత్తమన్నారు. ఆయన భయంతో నన్నే చూస్తున్నాడు. చేయనన్నాను. చేయకపోతే వీసా రద్దు చేసి పంపేస్తామన్నారు.

ఈ సంగతి విన్న మరునాడు ఖాలా టిఫిన్ డబ్బా పట్టుకుని నంద్యాల బస్సెక్కింది. ఆఫీసు వరండాలో కూర్చుంది. వచ్చిన ప్రతి పిల్లకూ, ప్రతి తండ్రికీ చెప్పింది: “మా పిల్లను దించి వదిలేసినారు. నీ బిడ్డ కోసం ఎవురొస్తారో అడుగప్పా.” పోలీసులను పిలుస్తానన్నాడు యజమాని. “పిలువు. నాకూ వాళ్ళతో పని ఉండాది,” అంది. పదకొండు రోజులు పోయి వచ్చింది. జనం మెట్ల మీంచే వెనక్కి తిరగడం మొదలయ్యాక, ఆయన ఆమె ఎదుటే ఇంగ్లండుకు ఫోన్ చేశాడు. ఆ వారమే నాకు యంత్రం నేర్పారు, వేరే మంచం ఇచ్చారు. ఫోన్ చేయడానికి పట్టింది ఐదు నిమిషాలు. అదే ఫోన్ మొదటిరోజు చేయడానికి ఏమొచ్చింది ఆ మనిషికి?

నాతో ఉన్న వెలుగోడు అమ్మాయికి అంతదాకా ఆగే వీలు దొరకలేదు. ఆమెను అప్పటికే తిప్పి పంపేశారు. అక్కడ సర్దుకోలేకపోయిందని ఆఫీసువాళ్ళు ఊరంతా చెప్పారు. ఆ మాటకు ఖాలా ఎంత మండిపడిందో! “సర్దుకోల్యా అంట! పెట్టెలో పెట్టి సర్దనీకి ఆ పిల్ల ఏమన్నా గుడ్డలా?” వెలుగోడు పోయి, ఆ అమ్మాయిని పిలుచుకొచ్చి నెల రోజులు తన దగ్గరే ఉంచుకుంది. ఇప్పుడా అమ్మాయి నంద్యాలలోనే నర్సు. కానీ ఆ మచ్చ వేసినవాళ్ళు ఈరోజుకీ క్షమాపణ చెప్పలేదు.

మనుషులు చాలడం లేదని ఇక్కడి ఆశ్రమాలవాళ్ళు మా ఊళ్ళదాకా వచ్చి పిలుస్తారు. పిలిచినవాళ్ళకు ఎదురు రావడానికి మాత్రం వాళ్ళ దగ్గర మనిషి ఉండడు. సెలవు దొరికితే విమానాశ్రయానికి నేను పోతున్నాను. ఖాలా పోరు పెట్టి పంపింది నన్ను. దిగిన పిల్లకు బస్సు చూపించి, డాక్టరు దగ్గర పేరు రాయించి, బియ్యం ఎక్కడ దొరుకుతాయో చెప్పి వస్తాను. నాకు సెలవు లేని రోజు దిగిన పిల్ల గతేమిటి? ఇది ఒక పక్కింటామె మంచితనం మీద నడవాల్సిన పనా?

ఆమెకు చివరి స్నానం చేయించిన ఆడవాళ్ళతో పాటు, చాగలమర్రి నుంచి పని నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయి కూడా ఉందని అమ్మ చెప్పింది. ఆ రోజు పాఠం ఉందని వచ్చి, వాకిట్లో జనాన్ని చూసి ఆగిపోయిందట. తర్వాత లోపలికి పోయి చేతులు కడుక్కుందట. పెద్దవాళ్ళు నీళ్ళు పోస్తుంటే, ఆ పిల్ల మాత్రం రోగిని ముట్టే ముందు చెప్పాలని ఖాలా నేర్పిన అలవాటుతో, ఆమె చెవి దగ్గరకు వంగి అందట: “ఖాలా, ఇప్పుడు నీ కుడిచెయ్యి ఎత్తుతాండా.”